ఇంజనాయిలు సాక్ష్యం

ఆ వారం కలకత్తాలో పడిన చలికి రసగుల్లాలు గోళీకాయలైపోయాయి. ఇవాళ కొట్టిన ట్రాము గంట రేపటికి గాని వినపడలేదు. అంతటి చలిలోనూ ఎవడో చెయ్యి చాచి, భవానీపూర్ తెలుగు సంఘంలో అమ్మవారి వెండి కిరీటం ఎత్తుకుపోయాడు.

సరే, పదమూడు డిగ్రీలే. కానీ కలకత్తాలో పదమూడంటే మాటలా? సోమవారం పొద్దున్న సంఘం గదిలో అత్యవసర సమావేశానికి వచ్చినవాళ్లంతా మంకీ టోపీల్లో ఉన్నారు. దొంగ ఎవరో సరే, పక్కన కూర్చున్నదెవరో కూడా తెలియడం లేదు.

శనివారం హారతికి కిరీటం ఉంది. ఆదివారం మధ్యాహ్నం గ్రిల్లు తీసిన చప్పుడు కింది దుకాణంవాళ్లు విన్నారు. తాళంచెవులు రెండే. ఒకటి అధ్యక్షుడు భానుమూర్తి దగ్గర, రెండోది కార్యదర్శి గురువులు దగ్గర.

"నేను ఆదివారం తెల్లారగట్లే మోటార్‌సైకిల్ మీద శాంతినికేతన్ వెళ్లాను. చీకటి పడ్డాక వచ్చాను," అన్నాడు భానుమూర్తి. ఆయన రిటైరైన పెద్ద ఆఫీసరు. టోపీలన్నీ తలాడించాయి.

"నాను ఖరగ్‌పూర్ ఎల్లినానండి, మా అక్కని సూడ్డానికి. నానూ మోటార్‌సైకిల్ మీదే. మీ బండి సూసే కదా అదే కొన్నాను," అన్నాడు గురువులు. అతను మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టిస్తాడు. ఈసారి ఒక్క టోపీ కూడా కదల్లేదు.

గురువులుకి దొంగ అన్న పేరు వస్తే, రేపట్నుంచి అతన్ని నమ్మి గుడ్డ తానులిచ్చే వ్యాపారి ఉండడు. మిషన్లు మూలపడతాయి.

"కావాలంటే మా అక్కకి ఫోన్ సేసి అడగండి."

"అక్క నీ అక్కే కదయ్యా! నీ ఇంజన్ని అడుగుదాం," అన్నాడు భానుమూర్తి, లేచి శాలువా సర్దుకుంటూ. "చలికాలంలో బండి నాలుగు వీధులు తిరిగి ఆగిపోతూ ఉంటే లోపల చెమ్మ పడుతుంది. అది నూనెలో కలిసి మీగడ కడుతుంది. అదే దూరప్రయాణం చేస్తే ఇంజను కాగి, చెమ్మంతా ఆవిరై పోతుంది. కింద నిలబెట్టిన బండి ఆయిలు మూత విప్పి తెండి. దాని కింద నూనెలో మునిగుండే పుల్లే చెబుతుంది, ఈయన ఖరగ్‌పూర్ వెళ్లాడో, కాళీఘాట్ కూడా దాటలేదో."

గురువులు భార్య జగ్గమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని లేచింది. "నాను తెస్తాను. రోజూ ఆ బండి తుడిసీది నానే కదా!"

కాసేపటికి న్యూస్‌పేపర్లో చుట్టిన మూత తెచ్చి భానుమూర్తి చేతిలో పెట్టింది. ఆయన కాగితం విప్పి, పుల్ల పైకెత్తాడు. చివరంటా తెల్లటి మీగడ. మరో చుక్క పడితే లస్సీ అని అమ్మేయొచ్చు.

"చూశారా! ఈ బండి నిన్న ఊరు దాటితే నా పేరు మార్చుకుంటాను. నాలుగు వీధులు తిరిగింది, అంతే. ఇంకా దొంగెవరో నేను చెప్పాలా?"

"ఖాయమేనా బావూ?" అంది జగ్గమ్మ.

"ఏ మెకానిక్‌నైనా పిలిపించుకో అమ్మా!"

"అక్కర్నేదు. అందరూ ఇన్నారు కదా?"

విన్నామని టోపీలన్నీ ఊగాయి. గురువులు రానూపోనూ రెండువందల కిలోమీటర్లు పైనే తోలాడు. నడుం ఇంకా పట్టేసే ఉంది. అయినా ఆ మీగడ చూస్తుంటే అతనికే అనుమానం వచ్చేసింది.

"ఓలే జగ్గమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "నాను ఖరగ్‌పూర్ ఎల్లినానా, నేదా?"

"ఎల్లినావులేవయ్యా, ఊరుకో." జగ్గమ్మ కొంగు ముడి విప్పి మరో మూత తీసింది. దాని పుల్లకి నూనె నల్లగా నిగనిగలాడుతోంది, మీగడ జాడే లేదు. "నీ బండి మూత ఇది. బావు సేతిలో ఉన్నది, కింద పక్కనే ఉన్న బావు బండిదే."

కిరీటం ఆ మధ్యాహ్నమే భానుమూర్తి ఇంట్లో బియ్యం డబ్బాలో దొరికింది. ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆ సిగ్గు మాత్రం నేను కల్పించింది.