సబ్బు పరీక్ష

“ఈ సీసా వాసన చూసి చెప్పు,” అంది అత్తగారు.

చిన్నకోడలు సీసా అందుకుంది. మళ్లీ పరీక్ష. సబ్బుల గదిలో అడుగుపెట్టిన రోజు నుంచీ ఇదే తంతు. పెద్దకోడలు ఏ సీసా ఇచ్చినా బ్రహ్మాండంగా ఉందనేదట. నెల తిరక్కుండానే ఆమెను అట్టపెట్టెలు సర్దే పనికి మార్చేసిందావిడ. తనకూ ఆ గతి పట్టకూడదు. ఈ విద్య నేర్చుకోవాలని చిన్నకోడలికి మహా ఆశ.

అత్తగారి పనితనం అలాంటిది మరి. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు చల్లారాయో లేదో గిన్నెకు చెయ్యి ఆనించి చెప్పేస్తుంది. వాటిని నూనెల్లో పోసి తిప్పుతూ, మిశ్రమం చిక్కబడి గరిటె గీసిన గీత పైన నిలిచే క్షణం కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తుంది. అది నిలవగానే తేనె, వెంటనే ఓట్స్ పొడి. తేనె కాస్త ఎక్కువైతే సబ్బు అచ్చులోనే ఉడుకెత్తి పొంగుతుంది. ఆవిడ చేతిలో ఒక్కటంటే ఒక్కటీ పొంగలేదు.

ఇవాళ గిన్నెలో ఉన్నది ఒక హోటలువాళ్ల మొదటి ఆర్డరు. ఇక ఈ సీసాలోని లావెండర్ నూనె పడితే అచ్చుల్లో పోసేయడమే.

చిన్నకోడలు సీసాను ముక్కు దగ్గర పెట్టుకుంది. పూల వాసన వెనక ఇంకేదో ఉంది. పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు. కానీ సీసా కొనుక్కొచ్చింది స్వయానా అత్తగారే. ఆవిడేమో రెప్ప వేయకుండా కోడలి మొహాన్నే చూస్తోంది.

“బాగాలేదత్తయ్యా. పాడైంది.”

“నేను తెచ్చినదానికే వంక పెడుతున్నావా?”

“ఎవరు తెచ్చినా పాడైంది పాడైందే. ఇది పోస్తే గిన్నెడు సబ్బూ గంగపాలు.”

అత్తగారు సీసాను అవతల పడేసి, అలమరలోంచి కొత్తది తీసి ఇచ్చింది. ఇది బాగుందని కోడలు చెప్పగానే, నువ్వే పొయ్యమంటూ కొలతగ్లాసు ఆమె చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ ఆ గ్లాసును ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదావిడ.

చిన్నకోడలు కొలిచి పోసి కలిపింది. గదంతా ఘుమఘుమలాడిపోయింది. మిశ్రమం అచ్చుల్లోకి చేరాక ధైర్యం తెచ్చుకుని, పరీక్ష నెగ్గానా అని అడిగింది.

అత్తగారు పక్కగదిలోని పెద్దకోడలికి వినబడకుండా తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

“పరీక్షేమిటే పిచ్చిదానా,” అంది గొంతు తగ్గించి. “నాకు ఏ వాసనా తెలియక ఏళ్లయింది.”