వెండినీళ్ల సంబంధం

"అబ్బాయి మంచివాడే. రంగే బాగోలేదు" అని తేల్చేశాడు తండ్రి.

కూతురు వంటింటి తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముందుగదిలో కూర్చున్న అబ్బాయికి ఆ మాట వినబడనే వినబడింది. అతను తన చేతులవంక చూసుకున్నాడు. రంగుల కొట్టులో షేడ్లు కలపడం అతని పని. ఏ గోడ చూపించినా అందులో ఏ రంగు ఎంత పడిందో చెప్పగలడు. అలాంటివాడికి రంగు బాగోలేదని పేరు పెట్టడం ఆ ఇంట్లోనే చెల్లింది.

తండ్రి రేడియో మెకానిక్. రేడియోలు తెచ్చేవాళ్లు కరువయ్యాక చేతులు ఊరుకోలేదు. ఎక్కడో చదివి, సర్వరోగాలకీ ఒకటే మందని నమ్మి, వెండినీళ్ల మిషను కట్టాడు. మిషనంటే భయపడేంతది కాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు, రెండు క్లిప్పులు, భార్య పట్టీలు కరిగించి తీయించిన రెండు వెండి తీగలు, ఒక గాజు జాడీ. తీగలు నీళ్లలో వేలాడుతుంటే ఒకదాని చుట్టూ సన్నటి పొగలాంటిది కమ్ముకునేది. నీళ్లు లేత టీ రంగుకి తిరిగితే మందు తయారైనట్టు. అందాకా ఆగే ఓపిక ఆయనకెక్కడిది? చిటికెడు ఉప్పు పడేసి తొందరపెట్టేవాడు.

పొద్దున్నే తల్లీ తండ్రీ కూతురూ తలో గ్లాసు. ఆరేళ్లుగా ఇదే వరస. తీగ అరిగినప్పుడల్లా ఇంట్లో ఒక వెండి వస్తువు తగ్గేది. తల్లి మొదట్లో సణిగింది. తర్వాత, ఎక్కడికి పోతోంది, మన ఒంట్లోకేగా అని సర్దుకుంది.

మందు గుణం చూపించిందని తండ్రికి గట్టి నమ్మకం. ఈ ఆరేళ్లలో ఇంట్లో ఎవరికీ జలుబు రాలేదు. ఎవరైనా తుమ్మితే అది దుమ్ము. బస్సెక్కితే జనం లేచి మరీ చోటిచ్చేవారు. వీధి చివరి డాక్టరైతే ఈయన్ని చూడగానే బండి ఆపి, ఒక్కసారి నా దగ్గరికి రండి, ఊరికే చూస్తానని బతిమాలేవాడు. రోగులు లేక మనిషి అలా అయిపోయాడని తండ్రి జాలిపడేవాడు.

కూతురు కిటికీలకి రంగు కొనడానికి వెళ్లిన రోజున, ఆమెను చూస్తూనే ఆ కొట్టు అబ్బాయి చేతిలో డబ్బా జారిపోయింది. లీటరు రంగు అతని కాళ్లమీదే ఒలికింది. అతనికి ఆమె మాటతీరు నచ్చింది. ఆమెకి అతను నవ్వకపోవడం నచ్చింది. అలా కలిసిన మనసులు ఇప్పుడు ఈ గడప దగ్గర ఆగిపోయాయి.

"ఇతను కాకపోతే నాకు పెళ్లే వద్దు నాన్నా" అంది కూతురు.

కూతురంటే ఆయనకి ప్రాణం. మెత్తబడబోయాడు. తల్లి అడ్డుపడింది.

"ఒక్క ఫొటోకి మన పక్కన నిలబెట్టి చూడండి. చూసినవాళ్లు మన పిల్లకి రోగిష్టివాణ్ణి కట్టబెట్టామనుకోరూ?"

అబ్బాయి లేచి నిలబడ్డాడు. "నేనేం చెయ్యాలో చెప్పండి" అన్నాడు.

ఏడాదిపాటు రోజూ పొద్దున్నే వచ్చి తమ ఎదురుగా గ్లాసు ఖాళీ చెయ్యాలి, అప్పుడు చూద్దామన్నాడు తండ్రి. అబ్బాయి జాడీ వైపు చూశాడు. ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. అతను గ్లాసు అందుకున్నాడు.

వానొచ్చినా ఎండొచ్చినా మానలేదు. కొట్టు యజమాని అతన్ని కౌంటరు దగ్గర్నుంచి వెనక గోదాములోకి మార్చాడు. కన్నతల్లి కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చింది. అతను మాత్రం ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

ఏడాది నిండిన రోజున తండ్రి అతన్ని కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. చెవులు, మెడ, గోళ్లు తిప్పి తిప్పి చూశాడు.

"ఇప్పుడు మనిషివయ్యావు బాబూ. పిల్లనిస్తాను" అన్నాడు.

వెండి తాగి తాగి ఆ ఇంట్లో ముగ్గురూ మారినట్టే, కాబోయే అల్లుడు కూడా నెత్తి నుంచి గోళ్లదాకా నిఖార్సైన నీలం రంగులోకి తిరిగాడు.