కింది నుంచి మూడు దెబ్బలు

"ఈ ఇల్లు కూడా ఖాళీ చేయిస్తారు, రాసిపెట్టుకోండి," అంది ఆమె.

అప్పటికి పిల్లలింకా నిద్రే లేవలేదు. షూ లేసులు కట్టుకుంటున్న భర్త తలెత్తి చూశాడు.

"పొద్దున్నే ఎవరు పొమ్మన్నారే నిన్ను?"

"నవ్వండి, నవ్వండి. మీకేం! లిఫ్టులు బాగుచేసుకుంటూ తిరిగి సాయంత్రానికి వస్తారు. రోజంతా ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది నేను. పాత ఇంట్లో ఏమైంది? పిల్లల గోల పడలేం అని పదిహేను రోజుల్లో వెళ్ళగొట్టలా? ఇక్కడైతే కింద జబ్బుమనిషి కూడా ఉంది."

అదీ నిజమే. కింది వాటాలో ఇంటాయన, ఆయన భార్య ఉంటారు. ఆవిడకు కుడిపక్క మొత్తం పడిపోయి ఏడాదిగా మంచం మీదే ఉంది. ఆ మంచం సరిగ్గా పిల్లల గది కిందే, మూలకు వేసి ఉంటుంది. ఇక ఇంటాయన నవ్వగా చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు.

భర్త వెళ్ళిన పావుగంటకు పిల్లలు లేచారు. ఐదేళ్ళ పిడుగు, మూడేళ్ళ బుడంకాయ. ఆమె చొక్కాల మూట ముందేసుకుని గుండీలు కుట్టడానికి కూర్చుందో లేదో, పిడుగు మంచం మీంచి దూకాడు. ఎక్కాడు, దూకాడు. మళ్ళీ ఎక్కాడు, దూకాడు.

ధన్. ధన్. ధన్.

ఆ గది మూలన, కింది వాటా నుంచి డాబా మీది ట్యాంకు దాకా వెళ్ళే ఇనప గొట్టం ఒకటుంది. అది మోగింది.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

సూది ఆమె వేలిలో దిగింది.

"అయిపోయింది! లెక్కపెట్టి మరీ కొడుతున్నాడు మహానుభావుడు. వీడు మూడు దూకితే ఆయన మూడు!"

వారం నుంచీ ఇదే వరస. ఆమె హడలిపోతుంటే పిల్లలేమో పడీపడీ నవ్వుతున్నారు.

"అమ్మా, ఈసారి ఐదు దూకుతా!"

"ఐదూ లేదు, పదీ లేదు. కూర్చో."

"అది కాదమ్మా, కింద..."

"కిందవాళ్ళు మనల్ని సామాన్లతో సహా రోడ్డు మీద పడేస్తారు. అప్పుడు దూకుదువుగాని."

"లోడ్డు మీద దూకుదాం!" అని బుడంకాయ చప్పట్లు కొట్టింది.

ఇంకొకరైతే నవ్వేవారు. ఆమె వేలు చీకుతూ కూర్చుంది.

మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేసి వెళ్ళబోసుకుంది. "పిల్లలన్నాక గెంతరుటే? నాలుగేళ్ళు పోతే గెంతమన్నా గెంతరు. ఈ ముచ్చట మళ్ళీ రాదు," అంది అక్క.

"ముచ్చట నీకు. సామాన్లు మోసేది నేను," అని పెట్టేసింది.

మర్నాడు ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఆ గదిలో పరిచింది. పిల్లలకు రెండేసి జతల మేజోళ్ళు తొడిగింది. కదలకుండా కూర్చున్నవాళ్ళే గెలిచినట్టు అని ఒక ఆట కనిపెట్టింది. ఆ ఆటలో ఎవరికీ సంతోషం లేదు.

పదిగంటలకు, ఎవరూ దూకకుండానే గొట్టం మోగింది.

ఠంగ్.

పిడుగు ఒక్క ఉదుటున లేచాడు. ఆమె కాలర్ పట్టుకుని ఆపింది. కాసేపాగి మళ్ళీ, ఠంగ్, ఠంగ్.

"చూశావా! ఏమీ చేయకపోయినా కొడుతున్నాడంటే ఇక మన పొడే గిట్టడం లేదన్నమాట."

"అమ్మా, ఒక్కసారి దూకుతానమ్మా. ఒక్కటంటే ఒక్కటే."

ఆమె చెయ్యి లేచింది. కొట్టలేదు గానీ లేచింది. వాడు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. బుడంకాయ కూడా వెళ్ళి వాడి వీపుకు అంటుకుని పడుకుంది.

మూడో రోజు గొట్టం మోగలేదు. పిల్లలు చెప్పినట్టు విన్నారు. రోజూ డజను చొక్కాలు కూడా తెమలని ఆమె, మధ్యాహ్నానికే ఇరవై కుట్టేసింది. తీరా ఆ నిశ్శబ్దం చూస్తే భయమేసింది. లేచి వెళ్ళి ఇద్దరి నుదుళ్ళూ పట్టుకు చూసింది. జ్వరం లేదు. అయినా ఇంకోసారి చూసింది.

నాలుగింటికి ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఇంటాయన.



"పిల్లలు ఊళ్ళో లేరా అమ్మా?" అన్నాడాయన.

"ఉన్నారు బాబాయిగారూ. చూడండి, ఎలా కూర్చోబెట్టానో. నేలంతా బొంతలు పరిచాను. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా కిందికి రాదు. మీరు గొట్టం మీద అలా కొట్టినప్పుడల్లా నాకు ముద్ద దిగడం లేదండీ. తప్పు మాదే. పిన్నిగారికి కంటిమీద కునుకు లేకుండా చేశాం. ఇక మీదట మా పిల్లలు అడుగు తీసి అడుగు వేయరు. ఉన్నపళాన పొమ్మంటే వీళ్ళను తీసుకుని ఎక్కడికి పోనండీ? మమ్మల్ని ఇక్కడే ఉండనివ్వండి బాబాయిగారూ."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. బొంతల మీద నడిచి మూలకు వెళ్ళాడు. పిడుగు బెదురుగా చెల్లెల్ని వెనక్కి లాక్కున్నాడు. ఆయన ఆ గొట్టం మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు. వీధిలో ఎవరిదో స్కూటర్ వచ్చి ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది. ఎంత మాట వస్తుందోనని ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

చివరికి ఆయన ఇటు తిరిగాడు.

"కొట్టింది నేను కాదమ్మా, మీ పిన్నిగారు... ఆ పడిపోయిన చేత్తోనే."