పద్దెనిమిది దాటినవాళ్ళకు మాత్రమే

“ఈ టాబ్ మీ అమ్మాయిదేగా అండీ?” అంది ప్రిన్సిపాల్ రూతు మేడమ్, దాన్ని బల్ల మీద ఇటు తిప్పుతూ.

దుర్గాశంకర్ ముందుకు వంగి చూశాడు. తెర మీద నెత్తురు కారుతున్న కత్తి పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. పైమూలన, పద్దెనిమిది దాటినవాళ్ళకు మాత్రమే అన్న ఎర్రటి గుర్తు. కింద ఆడేవాళ్ళ పేరు: ఉషశ్రీ.

“మాదే మేడమ్,” అన్నాడు అతికష్టం మీద.

“హోంవర్క్ కోసం స్కూలిచ్చిన టాబ్‌లు ఇవి. అప్పుడప్పుడూ తెప్పించి చూస్తుంటాం. మిగతా పిల్లల వాటిలో పాటలో, రీల్సో ఉంటాయి. ఇది మాత్రం పెద్దవాళ్ళ ఆట. వయసెంతని అడిగితే ముప్పై తొమ్మిది అని కొట్టింది. పిల్లలంతా ఇంతేనండీ, ఏదో ఓ పెద్ద అంకె వేసేస్తారు.”

పక్క కుర్చీలో అతని భార్య మల్లీశ్వరి తలెత్తలేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న ఉషశ్రీ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

దుర్గాశంకర్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొన్న ఆదివారం ఇదే స్కూల్లో, తల్లిదండ్రుల సమావేశంలో మైకు పట్టుకున్నది తనే. ఆటల మీద వయసు ముద్ర వేసి వదిలేస్తే చాలదనీ, ఆధార్ చూడకుండా ఏ ఆటా తెరుచుకోకూడదనీ ఆవేశంగా మాట్లాడాడు. “ముద్ర సలహా మాత్రమేనండీ, కాపలా కాయాల్సింది ఇంట్లోవాళ్ళే,” అని రూతు మేడమ్ అంటే ఒప్పుకోలేదు.

“మా ఇంట్లో ఆ బెడద లేదు మేడమ్. మా అమ్మాయి నాకు చెప్పకుండా చాక్లెట్ కూడా కొనుక్కోదు,” అన్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి.

ఇప్పుడు ఆ కూతురి వైపు తిరిగాడు. “నువ్వే ఆడావా?”

అతను భార్య వైపు తిరిగాడు.

“మల్లీ, నీకు తెలుసా ఈ సంగతి?”

“నాకేం తెలుసండీ? ఆ టాబ్ తెరవడమే రాదు నాకు,” అంది మల్లీశ్వరి.

ఉషశ్రీ తల్లి వైపు చూసింది, ఆదుకుంటుందేమోనన్నట్టు. మల్లీశ్వరి కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది.

“నేనే నాన్నా,” అంది ఉషశ్రీ.

వన్‌టౌన్‌లో తమ బట్టల దుకాణం మీది వాటాలోనే వాళ్ళ కాపురం. ఆ సాయంత్రం దుర్గాశంకర్ దుకాణం తెరవలేదు.

“ఆట ఆడావని కాదే నా బాధ. మైకు ముందు నీ గురించి అంత గొప్పగా చెప్తుంటే ముందు వరసలో కూర్చుని విన్నావు. అప్పుడన్నా నోరు విప్పలేదు. నమ్మించి గొంతు కోశావు.”

“తప్పయిపోయింది నాన్నా.”

“ఉయ్యూరులో హాస్టల్‌తో మాట్లాడాను. అక్కడ ఫోన్లుండవు, టీవీలుండవు. సోమవారం చేరుతున్నావు.”

మర్నాడు ఉషశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడింది. “అమ్మా, నువ్వు నాన్నతో ఏమీ చెప్పవా?”

సున్నుండల పిండిలో నెయ్యి పోస్తున్న మల్లీశ్వరి చెయ్యి ఆగింది. “ఏం చెప్పను తల్లీ? మీ నాన్న సంగతి తెలుసుగా. ఇప్పుడు కదిపితే ఇల్లు ఇల్లులా ఉండదు.”

“వచ్చే వారం బందరులో ఖోఖో పోటీలు. నేను లేకపోతే మా టీమ్‌లో పరిగెత్తేవాళ్ళే లేరు.”

“ఈ ఒక్కసారికీ ఓర్చుకో. కోపం చల్లారాక ఆయనే తీసుకొచ్చేస్తారు.”

“పోనీ ఒక్క మాట చెప్పి చూడమ్మా.”

“నా వల్ల కాదే,” అని మల్లీశ్వరి ఉండలు చుట్టడంలో పడింది.

ఉషశ్రీ వెళ్ళి పెట్టె సర్దుకుంది. ఖోఖో జెర్సీని మడిచి, బీరువాలోనే ఉంచేసింది.

సోమవారం పొద్దున్న కారు బందరు రోడ్డెక్కింది. ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టర్ల వెనక నెమ్మదిగా నడుపుతున్న దుర్గాశంకర్, ఉయ్యూరు దగ్గరపడుతుండగా ఉండబట్టలేక కారు పక్కకి ఆపాడు. వెనక్కి తిరిగాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నిజం చెప్పమ్మా. నీ అంతట నువ్వే ఇలాంటి పని చేశావంటే నా మనసొప్పట్లేదు. ఎవరన్నా నేర్పారా నీకు? వాళ్ళ పేరు చెప్పు చాలు. ఇక్కణ్ణుంచే కారు వెనక్కి తిప్పేస్తాను.”

ముందు సీట్లో మల్లీశ్వరి అద్దంలోంచి బయట తోటల్ని చూస్తోంది.

ఉషశ్రీ చూపు తల్లి మీదికి వెళ్ళింది. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. ముందు సీట్లోంచి మాటేమీ రాలేదు.

“ఎవరూ లేరు నాన్నా. పోనివ్వండి.”

హాస్టల్లో సంతకాలు పెట్టడానికి దుర్గాశంకర్ ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. మల్లీశ్వరి వరండాలో కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది.

“వేళకి తిను తల్లీ. బాగా చదువుకో. ఇంటి మీద బెంగ పెట్టుకోకు.”

ఉషశ్రీ ఏడవలేదు. తల్లి చేతిలోంచి సున్నుండల డబ్బా అందుకుంది. ఆఫీసు గది వైపు ఒకసారి చూసి, తండ్రికి వినపడనంత మెల్లగా అంది:

“ఇకనుంచి నీ పేరుతో ఆడుకో అమ్మా.”