ఆగిన చప్పుడు

తెనాలిలో ఇప్పుడు ఉప్పు పొట్లం కూడా డ్రోన్ మీదే ఇంటికి పోతుంది. మా కొట్టుకూ ఆరున్నాయి. యుద్ధం జరిగే దేశం నుంచి తెచ్చి, ఆశ్రయం కోసం సర్కారు మా ఇంటికి పంపిన ఎనిమిదేళ్ల హనీన్, వాటి రొద వింటే మంచం కిందకు దూరేది. లాభనష్టాలు బేరీజు వేసుకుని, వాటిని మార్చి చప్పుడు లేనివి తెచ్చాను. ఆ రోజంతా పిల్ల మంచం కింద నుంచి బయటికే రాలేదు.

"చప్పుడు ఆగితే బాంబు పడుతుంది, తాతా," అంది వచ్చీరాని తెలుగులో.

నా లెక్క తప్పింది. మర్నాడు డ్రోన్లు మూలన పెట్టి, గంప నెత్తికెత్తుకుని, "పప్పూ, ఉప్పూ, చింతపండో!" అని అరుస్తూ మా వీధిలో నడిచాను.

"ఏం శెట్టిగారూ, డ్రోన్లు అలిగాయా?" అంది ఎదురింటి మంగతాయారు.

జవాబివ్వడానికి అరుపు ఆపాను. మా గుమ్మంలో కూర్చున్న హనీన్ చటుక్కున లేచి ఆకాశంలోకి చూసింది.

జవాబు మింగేసి, "చింతపండో!" అని మళ్లీ అందుకున్నాను.