అవుటర్ దగ్గర పది నిమిషాలు

ఇప్పుడు రైళ్లకు సిగ్నళ్లు లేవు, అవి దారిలో ఎక్కడా ఆగవు. మా ఆవిడ అలివేలు మాత్రం అట్టముక్కలతో, ఇత్తడి తీగలతో భోజనాల బల్ల మీద తన పాత స్టేషన్ కట్టుకుంది. ఆ స్టేషన్ కేబిన్‌లో చివరిసారి సిగ్నలు లీవరు లాగింది ఆమే.

అందులో స్టేషన్ బయట బండిని ఆపే అవుటర్ సిగ్నలు రోజూ మొరాయించేది. బొమ్మరైలు పది నిమిషాలు నిలబడిపోయేది. ఆలస్యమంటే నష్టమే కదా అని, ఇంటి మరమనిషికి చెప్పి బాగుచేయించాను. మర్నాడు రైలు ఆగకుండా స్టేషన్లోకి దూసుకొచ్చింది.

"దీన్ని విప్పి అటక మీద పడెయ్యండి" అంది అలివేలు.

"బాగుచేయిస్తే కోపమేంటే?"

"ఆనాడు నా సిగ్నలు బాగుండి ఉంటే, మీ బుట్టలో తమలపాకులు వాడిపోతున్నాయని నన్ను తిట్టడానికి మీరు బండి దిగి కేబిన్ ఎక్కేవారా?"

లెక్క మళ్లీ వేసుకున్నాను. పోయింది ఒక బుట్ట ఆకు. దక్కింది నలభై ఏళ్ల కాపురం.

మరమనిషిని పక్కకు పొమ్మని, సిగ్నలు తీగను నా చేత్తోనే వదులు చేశాను. బండి అవుటర్ దగ్గర ఆగింది. అలివేలు వచ్చి బొమ్మ కేబిన్ లీవరు మీద వేలు పెట్టింది.

"ఎంతసేపు ఆపుతావే?"

"ముందు తిట్టండి, అప్పుడు వదులుతా" అంది నవ్వాపుకుంటూ.