బ్లేడు మంచిది

గ్యాస్ కటింగ్ దేవరాజ్ తన పైపులు చుట్టి మళ్లీ ఆటోలో పెట్టేసుకున్నాడు.

"మంట పెట్టినమంటె లారీ, డ్రైవరు, మనం అందరం పోతం సారూ" అని ఎస్సైకి చెప్పి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

అది నిజమే. జహీరాబాద్ బైపాస్ మీద, దూలాల్లాంటి ఇనుప చానెళ్లు మోసుకెళ్తున్న ట్రాలీని వెనక నుంచి గుద్దిన ఆ లారీ నిండా రంగుల్లో కలిపే థిన్నర్ డ్రమ్ములున్నాయి. నాలుగు పగిలాయి. ట్రాలీలోంచి బయటికి పొడుచుకొచ్చిన చానెల్ ఒకటి అద్దం పగలగొట్టుకుని క్యాబిన్‌లోకి దూసుకుపోయి, డ్రైవరు కుడి తొడను సీటుకు అదిమి పట్టింది. క్రేనుతో గుంజితే కాలు దాంతోపాటే వస్తుంది. పెద్ద కట్టర్ సంగారెడ్డి నుంచి రావాలి. అంతసేపు రక్తం కారితే మనిషి దక్కడని అంబులెన్సులో వచ్చిన అమాన్ చెప్పేశాడు.

జనం మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చారు. థిన్నర్ వాసనకు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో వీడియో తీస్తున్నారు. సలహాలకు లోటు లేదు. క్యాబిన్ దగ్గరికి వెళ్లేవాళ్లకే లోటు.

ఎవరో ఎస్సైకి ప్రవీణ నంబరిచ్చారు.

మొగుడంపల్లి రోడ్డులో ఆమెకు రేకుల షెడ్డు ఉంది. పాత ట్యాంకర్లు, బాయిలర్లు కోస్తుంది. మంట పెట్టకూడని చోట, ముందుకూ వెనక్కూ ఆడే రంపం మిషనుతో కోస్తుంది. పావుగంటలో స్కూటీ మీద వచ్చింది. చీర మీద మగవాళ్ల చొక్కా, భుజాన మిషను సంచి.

సంచిలోంచి ఆమె తీసిన బ్లేడు చూసి దేవరాజ్ నవ్వాడు. జానెడున్నర పొడవు, అంచున ఉక్కుకంటే గట్టివైన నల్లటి కార్బైడ్ పళ్లు.

"గా పుల్లతోని వేలు మందం ఇనుము కోస్తదంట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

ఎస్సై చేతిలోని లైసెన్సులో డ్రైవరు పేరు నర్సింగ్ అని ఉంది. బీదర్ చిరునామా.

ప్రవీణ క్యాబిన్ మెట్టెక్కి లోపలికి చూసింది. ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తర్వాత మనిషిని వదిలేసి ఇనుమును చూడడం మొదలుపెట్టింది.

నర్సింగ్ కళ్లు తెరిచాడు. నొప్పికి కూడా అంతగా వంకర పోని ముఖం, ఆమెను చూడగానే వంకర పోయింది.

"దీన్నెవడు పిలిచిండు? ఊళ్లె మొగోళ్లు లేరా?"

ఆమె చానెల్ కింద జాకీ పెట్టించి బరువు ఆపింది. ఫైరింజను వాళ్లతో కింద నురుగు పరిపించింది. బ్లేడు మీద నీళ్ల ధార ఆపొద్దని ఒకరికి చెప్పింది. అమాన్ రెండో కాలు సర్దబోతుంటే మాత్రం చేయి అడ్డం పెట్టింది.

"ఎడమ కాలు మడవకున్రి. గది సగమే వంగుతది."

అమాన్ మోకాలు పట్టి చూశాడు. నిజమే. ఇనుము చూసే కళ్లకు ఎముకలూ కనిపిస్తాయేమో అనుకున్నాడు.

అలాంటి బ్లేడు ఆమె దగ్గర ఒక్కటే ఉంది. మిషను మూతిని చానెల్‌కు గట్టిగా ఆనించి, తొడకు జానెడు దూరంలో కోత మొదలుపెట్టింది. వేగం పెంచలేదు. అదుపు తప్పితే ఇనుము సంగతి తర్వాత, మాంసం ముందు తెగుతుంది.

నర్సింగ్ పళ్లు కొరుకుతూనే తిట్టాడు. ఆడదానికి మిషనెందుకన్నాడు. ఇంట్లో కూర్చుని జొన్నరొట్టెలు కొట్టుకోరాదా అన్నాడు. ఆమె చేతుల్లో చచ్చేకంటే ఇలాగే చస్తానన్నాడు. జనంలో కొందరికి అది సరదాగా తోచి కిసుక్కుమన్నారు. నోరు మూసుకోమని ఎస్సై కసిరాడు.

సగం తెగాక ప్రవీణ మిషను ఆపింది. బ్లేడు చల్లారేదాకా నీళ్లు పోయించింది. అప్పుడే మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"ఎంతన్న తిట్టు. కదలకు మాత్రం. కదిలితె నేనేం జేయలేను."

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. కానీ కదల్లేదు.

మరో ఏడెనిమిది నిమిషాలకు చానెల్ తెగింది. తొడ మీదున్న ముక్కను నలుగురు కలిసి లేపారు. అమాన్ తొడ బిగించి కట్టాడు. నర్సింగ్‌ను స్ట్రెచర్ మీదికి దించారు. కాలు కాలులాగే ఉంది.

జనం చప్పట్లు కొట్టారు. వీడియోలు అప్పుడే పంపేసుకున్నారు. దేవరాజ్ తెగిన అంచు మీద వేలితో రాసి, అంతా కార్బైడ్ పనితనమని, అది ఉంటే ఎవరైనా కోస్తారని తేల్చేశాడు. ఎస్సై కూడా ఆ బ్లేడు ఏ కంపెనీదని అడిగాడు.

స్ట్రెచర్ మీద నుంచి నర్సింగ్ మళ్లీ నోరు విప్పాడు.

"బ్లేడు మంచిది. గంతే."

ప్రవీణ మిషను సంచిలో పెట్టుకుంది. రోడ్డు పక్కన కాసేపు కూర్చుంది. ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు.

అమాన్ అంబులెన్సు తలుపు దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డాడు. హైదరాబాద్ తీసుకెళ్లాలి, ఆపరేషనుంటుంది, సంతకానికి మనిషి కావాలి. ఇంటివాళ్లెవరన్నా ఉన్నారా అని నర్సింగ్‌ను అడిగాడు.

"ఎవరూ లేరు" అన్నాడు నర్సింగ్.

ప్రవీణ లేచి వచ్చి, అమాన్ చేతిలోంచి కాగితం తీసుకుని, ‘పేషెంటుకు ఏమవుతారు’ అన్న గీత మీద ‘భార్య’ అని రాసింది.